ఊపిరి గొట్టం దాకా వెలుగు వెళుతుందా

చిన్నప్పుడు కరెంటు పోయిన రాత్రుళ్లలో మా పెద్దక్క నాకొక ఆట నేర్పింది. టార్చిలైటు అద్దం మీద అరచెయ్యి గట్టిగా ఆనించి స్విచ్చి నొక్కాలి. చెయ్యంతా నిప్పుకణికలాగా ఎర్రగా వెలిగేది. వేళ్ల అంచులు బాగా ఎర్రగా, అరచెయ్యి మందంగా ఉన్నచోట మసగ్గా. “లోపల రక్తం కనపడుతోంది చూడరా” అనేది. ఎముకలు కూడా కనపడతాయేమోనని నేను వెతికేవాణ్ని. ఎప్పుడూ కనపడలేదు.

ఆట ఎంతోసేపు సాగేది కాదు. అక్కకు ఉబ్బసం. చలికాలంలో తెల్లవారుజాము మూడింటికల్లా పిల్లికూతలు మొదలయ్యేవి. మంచం మీద లేచి కూచుని, ఒళ్లో దిండు పెట్టుకుని, దాని మీదికి వంగి, నూతిలోంచి నీళ్లు తోడినట్టు ఒక్కో ఊపిరినీ తోడుకునేది. ఒక మృగశిర కార్తెకు మా నాన్న హైదరాబాదు తీసుకెళ్లి చేప మందు కూడా మింగించి తెచ్చాడు. పెళ్లయి గుంటూరు వెళ్లాక చలికాలానికి మిర్చి సీజను తోడైంది. యార్డుకు టిక్కీలు దిగే నెలల్లో ఆ దారిన వీచే గాలికే ఘాటు.

పోయిన నెల ఫోను చేసింది. “ఒరేయ్, ఇక్కడెవరో ఛాతీ మీదా వీపు మీదా లేజరు పెడుతున్నారట. నొప్పి లేదు, మందు లేదు, పది సిట్టింగులు. ఉబ్బసం తగ్గుతుందంటున్నారు. నువ్వు సైన్సు రాస్తావుగా, కాస్త చూసి చెప్పు.”

రెండు రోజుల్లో చెబుతానన్నాను. నెల పట్టింది. ఉత్తమాట అని తీసిపారేద్దామంటే ప్రయోగశాలల్లో జరిగిన పని అడ్డొచ్చింది. వెళ్లమని చెబుదామంటే ఆ టార్చిలైటు ఆట అడ్డొచ్చింది.

లేజరు అనగానే కోసేదో కాల్చేదో అనుకుంటాం. అక్క చెప్పిన లేజరు వేరు. దాని బలం మిల్లీవాట్లలో ఉంటుంది, చర్మానికి వెచ్చదనం కూడా సరిగా తెలియదు. లో లెవెల్ లేజర్ థెరపీ అని పాత పేరు. ఈ మధ్య పదేళ్లుగా శాస్త్రవేత్తలు ఫోటోబయోమాడ్యులేషన్ అంటున్నారు, అంటే వెలుగుతో జీవక్రియను సర్దుబాటు చేయడం. దీని పుట్టుక ఒక విఫల ప్రయోగంలో ఉంది. 1960లో థియోడర్ మైమన్ మొట్టమొదటి లేజరును కెంపు స్ఫటికంతో వెలిగించాడు. కొద్ది సంవత్సరాలకే అమెరికాలోని బోస్టన్‌లో పాల్ మెక్‌గఫ్ అలాంటి లేజరుతో జంతువుల్లో కణితుల్ని కాల్చి చూపించాడు. అదే పని చేద్దామని హంగరీలో, బుడాపెస్ట్‌లో, ఎండ్రె మెస్టర్ అనే సర్జన్ కూర్చున్నాడు. ఆయన దగ్గరున్న లేజరుకు అంత బలం లేదు. కణితులకు ఏమీ కాలేదు. కానీ లేజరు పెట్టడానికి ఎలుకల వీపు మీద బొచ్చు గీశారు కదా, వెలుగు పడిన ఎలుకలకు ఆ బొచ్చు మిగతావాటికంటే ముందే మొలిచింది. 1967 నాటి ఆ గమనికను ఆయన పట్టుకున్నాడు. మానని పుళ్ల మీద అదే బలహీనమైన వెలుగును ప్రయోగిస్తూ మిగతా జీవితం గడిపాడు. తన యంత్రం లోపాన్ని దాచుకోకుండా, ఆ లోపం ఏం చేసిందో చూసిన మనిషి మీద నాకు గౌరవం.

వెలుగు మందు కాగలదా అన్న సందేహం మనకు అక్కర్లేదు. పచ్చకామెర్లతో పుట్టిన పసిబిడ్డను నీలం లైటు కింద పడుకోబెట్టడం మన ఊళ్లలో చూడని ఇల్లు తక్కువ. ఆ వైద్యానికి మూలం 1956లో ఇంగ్లండులో రోచ్‌ఫర్డ్ ఆసుపత్రిలో సిస్టర్ జీన్ వార్డ్ అనే నర్సు. నెలలు తక్కువ పిల్లల్ని ఎండలో తిప్పేది. ఒక బిడ్డ ఒంటి మీద ఎండ తగిలినమేరా పసుపు తగ్గి, గుడ్డ కప్పి ఉన్నమేరా పసుపు అలాగే ఉండటం డాక్టర్లకు చూపించింది. ఆ తరవాత పని ఎంత నికరంగా సాగిందో చూడండి. వెలుగును పట్టుకునే పదార్థం తెలుసు, బిలిరుబిన్. అది ఏ రంగును మింగుతుందో తెలుసు, నీలం. ఎక్కడుంటుందో తెలుసు, చర్మంలోనూ చర్మం కింద పారే రక్తంలోనూ. వెలుగు తగిలితే దాని అణువు ఆకారం మారి, శరీరంలోంచి తేలిగ్గా బయటికి పోతుంది. పనిచేసిందో లేదో సాయంత్రం రక్తపరీక్ష చెబుతుంది. ఒక వెలుగు వైద్యాన్ని నమ్మడానికి ఏమేం కావాలో ఆ ఊయల దగ్గర నేర్చుకోవచ్చు. ఉబ్బసానికి లేజరు అన్నప్పుడు కూడా నేను ఇవే వెతికాను: ఏ అణువు, ఎక్కడ, ఎంత వెలుగు, ఏ కొలత.

అణువు సంగతి. ఎరుపు వెలుగు, దాన్ని దాటి కంటికి కనపడని దగ్గరి పరారుణ వెలుగు మన కణాల్లో దేనికి తగులుతాయి? రష్యా శాస్త్రవేత్త టీనా కరూ ఏళ్ల తరబడి చేసిన ప్రయోగాలతో ఒక జవాబు ముందుకొచ్చింది. కణంలో శక్తి తయారుచేసే మైటోకాండ్రియాలో సైటోక్రోమ్ సి ఆక్సిడేజ్ అనే ఎంజైము ఉంది. మనం పీల్చిన ఆక్సిజన్ చివరికి చేరేది దాని దగ్గరికే. అందులోని రాగి, ఇనుము పరమాణువులు ఈ వెలుగును కొంత మింగుతాయి. వాపెక్కిన కణంలో నైట్రిక్ ఆక్సైడ్ ఆ ఎంజైముకు అతుక్కుని పనికి అడ్డం పడుతుందనీ, వెలుగు తగిలితే అది ఊడి కణానికి మళ్లీ ఊపిరి అందుతుందనీ ఒక ప్రతిపాదన. ఇది ఒక్కటే దారి అని అందరూ ఒప్పుకోలేదు. కణాల పైపొరలో ఉండే టీఆర్‌పీ ద్వారాలు కూడా వెలుగుకు స్పందిస్తాయని మరికొందరు అంటారు. ఆ కుటుంబంలో ఒకటి టీఆర్‌పీవీ1. మిరపకాయ ఘాటు నాలుక్కి తగిలినప్పుడు మంటగా తోచేది ఆ ద్వారం తెరుచుకోవడం వల్లనే. 1997లో దాన్ని గుర్తించినందుకు డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. అవే ద్వారాలు ఊపిరి గొట్టాల నరాల కొసల్లోనూ ఉన్నాయి. గుంటూరు యార్డు పక్కన నడిచేవాళ్లకు దగ్గు తెరలు తెరలుగా రావడం వాటి పనే.

బలహీన లేజరు నిజంగా గెలిచిన చోటు ఒకటుంది, అది చెప్పకపోతే అన్యాయం. క్యాన్సరుకు కీమో, రేడియేషన్ తీసుకునేవాళ్లకు నోరంతా పూసి, మంచినీళ్లు కూడా మింగలేని స్థితి వస్తుంది. ఆ పుండ్లు రాకుండా నోట్లో ఈ వెలుగు పెట్టడాన్ని, కొన్ని రకాల చికిత్సలు తీసుకునేవాళ్లకు అంతర్జాతీయ నిపుణుల సంఘాలు సిఫారసు చేశాయి. బ్రిటన్ ఆరోగ్య సంస్థ నైస్ కూడా 2018లో దానికి అనుకూలంగా మార్గదర్శకం ఇచ్చింది. అక్కడ వెలుగుకూ పుండుకూ మధ్య అడ్డం ఏమీ లేదు. నోరు తెరిస్తే చాలు.

ఇప్పుడు ఊపిరి గొట్టం దగ్గరికి వద్దాం. ఉబ్బసంలో రెండు బాధలు కలిసి కాపురం చేస్తాయి. ఒకటి వాపు. దుమ్ములో ఉండే నల్లులు, బొద్దింకల పొడి, వయ్యారిభామ పుప్పొడి లాంటివాటికి ఒంట్లో ఐజీఈ ప్రతిరక్షకాలు తయారై కాచుకుని ఉంటాయి. అవి మాస్ట్ కణాల మీద తుపాకీ గుర్రాల్లాగా ఎక్కుపెట్టి ఉంటాయి. పుప్పొడి తగలగానే హిస్టమిన్, ల్యూకోట్రైన్‌లు విడుదలవుతాయి. వెనకాలే ఇయోసినోఫిల్ అనే తెల్ల రక్తకణాలు వచ్చి గొట్టం గోడలో తిష్ఠ వేస్తాయి. గోడ ఉబ్బుతుంది, గళ్ల చిక్కగా ఊరుతుంది. రెండోది అతిస్పందన. గొట్టం చుట్టూ ఉంగరాల్లా ఉండే మెత్తటి కండ చిన్న రెచ్చగొట్టుడుకే బిగుసుకుంటుంది. మీకూ నాకూ ఏమీ అనిపించని చల్లగాలి, ఊదుబత్తి పొగ, గట్టిగా నవ్వు, ఏదైనా చాలు. వైద్యులు దీన్ని మెథాకోలిన్ అనే పదార్థంతో కొలుస్తారు. కొద్దికొద్దిగా మోతాదు పెంచుతూ పీల్పించి, మొదటి సెకనులో ఊదగలిగే గాలి 20 శాతం ఎప్పుడు పడిపోతుందో చూస్తారు. ఎంత తక్కువ మోతాదుకు పడిపోతే ఆ గొట్టం అంత చిటపటలాడేదన్నమాట.

బిగుసుకుంటే ఏమవుతుంది? గొట్టం వ్యాసార్థం సగానికి తగ్గితే గాలికి అడ్డు రెండింతలో నాలుగింతలో కాదు, పదహారింతలు పెరుగుతుంది. నెమ్మదిగా పారే గాలికి పాయిజైల్ సూత్రం చెప్పే లెక్క ఇది. అక్క దిండు మీద వాలి లాగిన ప్రతి ఊపిరి వెనకా ఈ పదహారు ఉంది. అదే సూత్రాన్ని తిరగేస్తే ఆశ కూడా కనపడుతుంది. గొట్టం కాస్త తెరుచుకున్నా గాలి చాలా తేలికవుతుంది.

బలహీన లేజరు ఈ రెండు బాధల మీదా ఏమైనా చేయగలదా అని అందరికంటే ఓపికగా అడిగినవాళ్లు బ్రెజిల్ శాస్త్రవేత్తలు, ముఖ్యంగా సావో పాలో రాష్ట్రంలో ఫ్లావియో ఐంబిరే, ఆయన సహచరులు. వాళ్ల ప్రయోగాల్లో ఒకదాన్ని తీరిగ్గా చూడాలి. ఇ. కొలి బాక్టీరియా పైపొర నుంచి తీసిన విషంతో ఎలుకల ఊపిరి గొట్టాల్లో వాపు పుట్టించారు. కొన్ని ఎలుకలకు లేజరు పెట్టారు. తరవాత శ్వాసనాళం ముక్కల్ని తీసి పరీక్షించారు. ఇలాంటి ప్రయోగంలో గాజులాంటి ఆ చిన్న ఉంగరాన్ని 37 డిగ్రీల లవణద్రావణంలో రెండు కొక్కేల మధ్య వేలాడదీస్తారు. ద్రావణంలోకి ఆక్సిజన్ బుడగలు వెళుతుంటాయి. శరీరంలోంచి బయటికొచ్చినా ఆ ముక్క గంటల తరబడి బతికే ఉంటుంది. బిగించే రసాయనం చుక్క వేస్తే ముడుచుకుంటుంది, వదులు చేసే మందు వేస్తే సాగుతుంది. ఎంత బలంతో లాగుతోందో కొక్కేనికి కట్టిన యంత్రం గీత గీస్తుంది.

వాపెక్కిన ఎలుకల ఉంగరాలు రెండు విధాలా చెడ్డాయి. బిగించే రసాయనానికి మామూలుకంటే ఎక్కువ బిగుసుకున్నాయి. వదులు చేసే బీటా-2 తరగతి మందుకు మామూలుకంటే తక్కువ వదులయ్యాయి. సాల్బుటమాల్ ఆ తరగతిదే. ఉబ్బసం తీవ్రంగా ఉన్న రాత్రి ఇన్‌హేలరు నాలుగుసార్లు కొట్టినా లొంగని స్థితి గుర్తుకొస్తుంది ఇక్కడ. లేజరు పెట్టిన ఎలుకల్లో ఈ రెండు లోపాలూ తగ్గాయి. వాపును ఎగదోసే టీఎన్‌ఎఫ్ అనే సంకేతానికి కణాల్లో తయారయ్యే ఆర్‌ఎన్‌ఏ కూడా తగ్గింది. ఈ మార్పు ఎన్‌ఎఫ్-కప్పా-బి అనే వాపు మీట గుండా నడుస్తోందని 2009లో వాళ్లు రాశారు. 2014లో బ్రెజిల్ నుంచే మరో బృందం గుడ్డు తెల్లసొన ప్రొటీనుతో అలర్జీ పుట్టించిన చిట్టెలుకల మీద చేసి, గొట్టం బిగుతూ అలర్జీ వాపూ గోడ మందమెక్కడమూ మూడూ తగ్గాయని చూపింది.

ఇవి చిన్న విషయాలు కావు. అవి చదివిన రాత్రి అక్కకు ఫోను చేసి వెళ్లమని చెబుదామనిపించింది కూడా. ఆగి, టార్చిలైటు తీసి అరచేతికి ఆనించాను.

చెయ్యి ఎర్రగానే ఎందుకు వెలుగుతుంది? టార్చి నుంచి వచ్చేది తెల్లటి వెలుగు. అందులో నీలాన్నీ ఆకుపచ్చనూ రక్తంలోని హిమోగ్లోబిన్ మింగేస్తుంది. ఎరుపును అంతగా పట్టించుకోదు. సుమారు 650 నుంచి 950 నానోమీటర్ల దాకా ఉన్న ఈ పట్టీ మన శరీరానికి ఉన్న పెద్ద కిటికీ. ఇంకా అవతలికి పోతే నీరు మింగడం మొదలుపెడుతుంది. కోవిడ్ రోజుల్లో ఇంటింటా వేలికి తగిలించుకున్న ఆక్సీమీటరు ఈ కిటికీలోంచే చూస్తుంది. 660 దగ్గర ఎరుపు, 940 దగ్గర పరారుణం వేలిలోంచి పంపి, ఆక్సిజన్ ఉన్న రక్తానికీ లేనిదానికీ తేడా లెక్కగడుతుంది. వేలికి తగిలిస్తాం కానీ తొడకు తగిలించం, గమనించండి.

కిటికీ ఉన్నంత మాత్రాన దారి నున్నగా ఉండదు. కణజాలంలో వెలుగు నేరుగా పోదు, అడుగడుగునా చెదురుతుంది. ఉజ్జాయింపు లెక్క ఒకటి వేసుకుందాం. ప్రతి మూడున్నర మిల్లీమీటర్లకూ వెలుగు సగానికి తగ్గుతుందనుకోండి. కండరంలో ఈ రంగులకు ఇది మరీ పిసినారి అంచనా ఏమీ కాదు. మూడున్నర సెంటీమీటర్ల లోతుకు పది సార్లు సగమవుతుంది. అంటే వెయ్యో వంతు. పెద్ద మనిషి ఛాతీలో చర్మం, కొవ్వు, కండరం, పక్కటెముకలు దాటితేనే ఊపిరితిత్తి మొదలవుతుంది. ఆ ఊపిరితిత్తి మళ్లీ గాలి బుడగల ముద్ద. తిరగబోసిన పాల మీద నురగ ఎందుకంత తెల్లగా ఉంటుంది? బుడగ బుడగకూ వెలుగు వెనక్కి తిరుగుతుంది గనక. ఊపిరితిత్తీ అంతే. ఉబ్బసంలో బిగుసుకునే చిన్న చిన్న గొట్టాలు ఆ నురగ నడుమ ఉన్నాయి. చిట్టెలుక మొత్తం బరువు పాతిక గ్రాములు, దాని ఛాతీ గోడ మందం మిల్లీమీటర్లలో. ఎలుకకు పైనుంచి పెట్టిన వెలుగు దాని శ్వాసనాళాన్ని తడుపుతుంది. అదే వెలుగు అక్క వీపు మీద పెడితే చర్మానికి బోలెడంత, కండరానికి కొంత, గొట్టానికి దాదాపు ఏమీ లేదు.

లోతు సంగతి మనకంటే బాగా తెలిసినవాళ్లు స్వీడన్‌లో లుండ్ విశ్వవిద్యాలయ భౌతికశాస్త్రవేత్తలు. 760 నానోమీటర్ల దగ్గర ఆక్సిజన్ వాయువు వెలుగును మింగుతుందని ఆధారం చేసుకుని, నవజాత శిశువుల ఛాతీ మీద చిన్న లేజరు ఆనించి, ఊపిరితిత్తుల్లో గాలి ఎంతుందో ఎక్స్‌రే లేకుండా కనిపెట్టే పద్ధతి తయారుచేశారు. శిశువుల దగ్గర మొదలుపెట్టడానికి కారణం ఆ ఛాతీ చిన్నది, పలచనిది కావడమే. పైగా అది కనిపెట్టే పని. నాలుగు ఫోటాన్లు తిరిగొచ్చినా మంచి యంత్రం లెక్కపెట్టుకుంటుంది. వైద్యం చేయాలంటే అక్కడ మోతాదు చేరాలి.

మరి బలం పెంచితే? అక్కడ ఇంకో చిక్కు. 2009లో హార్వర్డ్‌కు చెందిన మైకేల్ హాంబ్లిన్ బృందం ఈ రంగంలోని ప్రయోగాలెన్నో పోగుచేసి ఒక సంగతి గట్టిగా చెప్పింది. ఈ వెలుగుకు మోతాదు రెండు అంచుల కత్తి. కొద్దిగా పడితే కణాన్ని ఉత్సాహపరుస్తుంది, ఎక్కువ పడితే అదే పనిని అణిచేస్తుంది. లోపల గొట్టానికి చాలినంత పంపాలని బయట వెయ్యింతలు పెడితే చర్మం దాన్ని వైద్యంగా తీసుకోదు, కాలుతుంది.

ఈ చిక్కు తెలిసే కొందరు వేరే దారులు చెబుతారు. వెలుగు గొట్టం దాకా పోనక్కర్లేదు, చర్మం కింద పారే రక్తకణాలకు తగిలినా అవి తిరిగి తిరిగి ఊపిరితిత్తికి కబురు మోసుకెళతాయంటారు. సోవియట్ కాలం చివరి నుంచి రష్యా వైద్యులు ఛాతీ మీదే కాక, సన్నటి తీగ గుండా సిరలోని రక్తానికి కూడా లేజరు పెడుతూ ఉబ్బసం తగ్గుతోందని రాస్తూ వచ్చారు. ఇంకొందరు ఆక్యుపంక్చర్ బిందువుల మీద సూదికి బదులు లేజరు పెడతారు. ఈ చివరిదాన్ని మాత్రం గట్టి పరీక్షకు పెట్టారు. 1991లో ఆస్ట్రేలియాలో 15 మంది దీర్ఘకాల ఉబ్బస రోగులకు కొన్నాళ్లు సరైన బిందువుల మీద, కొన్నాళ్లు దొంగ బిందువుల మీద లేజరు పెట్టారు. ఏది ఏదో రోగికీ కొలిచేవాళ్లకూ తెలియకుండా జాగ్రత్తపడ్డారు. తేడా రాలేదు. 2002లో ఆస్ట్రియా వైద్యులు ఆయాసపడే పని చేస్తే ఉబ్బసం లేచే 44 మంది పిల్లలకు, కౌమార వయస్కులకు ఒకసారి నిజం లేజరు, ఇంకోసారి ఉత్త లేజరు పెట్టి, చల్లటి పొడిగాలి వేగంగా పీల్పించారు. గొట్టాలు రెండు సార్లూ ఒకేలా బిగుసుకున్నాయి.

“దొంగ బిందువు”, “ఉత్త లేజరు” అంత అవసరమా అని అక్క అడిగింది. ఈ వ్యాసం మొత్తంలో నేను అన్నిటికంటే ఎక్కువగా చెప్పాలనుకున్నది ఆ ప్రశ్నకు జవాబే. 2011లో బోస్టన్‌లో మైకేల్ వెక్స్‌లర్, టెడ్ కాప్చుక్ బృందం ఒక అధ్యయనం చేసింది. చివరిదాకా నిలిచిన ఉబ్బస రోగులు 39 మంది. ప్రతి ఒక్కరికీ వేర్వేరు రోజుల్లో నాలుగు రకాల అనుభవం: నిజం సాల్బుటమాల్ ఇన్‌హేలరు, మందు లేని ఇన్‌హేలరు, గుచ్చుకోని సూదుల ఆక్యుపంక్చర్, ఏమీ ఇవ్వకుండా ఊరికే కూర్చోబెట్టడం. ప్రతిసారీ రెండు ప్రశ్నలు. యంత్రాన్ని అడిగారు: ఊదే గాలి ఎంత పెరిగింది? మనిషిని అడిగారు: ఎంత తేలికైంది?

యంత్రం చెప్పింది: నిజం మందుకు 20 శాతం పెరుగుదల, మిగతా మూడింటికీ 7 శాతం దగ్గర. మనిషి చెప్పింది: నిజం మందుకు 50 శాతం తేలిక, ఉత్త ఇన్‌హేలరుకు 45, ఉత్త సూదులకు 46. ఊరికే కూర్చున్నప్పుడు 21.

ఈ అంకెల ముందు నేను చాలాసేపు కూర్చున్నాను. ఆ మనుషులు అబద్ధమాడలేదు. వాళ్లకు నిజంగానే తేలికైంది. ఎవరో ఒకరు పట్టించుకుని, చెయ్యి వేసి, ఏదో చేస్తే ఛాతీ మీద బరువు దిగుతుంది. చేప మందు తిన్న ఆ ఏడు అక్కకు నెల రోజులు బాగుండటం కూడా ఇలాంటి నిజమే కావచ్చు. ఆ తేలికను చులకన చేయడం నా చేత కాదు. భయం ఎక్కడంటే, తేలికైందని మనిషికి అనిపిస్తున్నప్పుడు కూడా గొట్టం ఇంకా బిగుసుకునే ఉండగలదు. ఆ సంగతి మనిషికి తెలియదు. పదహారింతల అడ్డు లోపల అలాగే ఉండగా, ఇన్‌హేలరు అలమార్లో పెట్టేసిన మనిషికి ఒక చలి రాత్రి వస్తుంది.

2019 అంచనాల ప్రకారం మన దేశంలో ఉబ్బసం ఉన్నవాళ్లు 3.4 కోట్ల దాకా. ప్రపంచ రోగుల్లో సుమారు ఎనిమిదో వంతు. కానీ ఉబ్బసంతో పోయే ప్రాణాల్లో మన వాటా 40 శాతం పైనే. ఈ తేడాలో పెద్ద భాగం రోజూ పీల్చాల్సిన వాపు మందు పీల్చకపోవడంలో ఉంది. “ఇన్‌హేలరు పెడితే అలవాటైపోతుంది”, “పెళ్లికావాల్సిన పిల్ల, నలుగురిలో పీల్చకు” అనే మాటలు విననివాళ్లు ఎవరు? ఆ వాపు మందు, అంటే పీల్చే స్టెరాయిడ్, మోతాదు మైక్రోగ్రాముల్లో ఉంటుంది, నేరుగా గొట్టం గోడకే చేరుతుంది. భయపడి మాత్రలతో నెట్టుకొస్తే అదే తరగతి మందు మిల్లీగ్రాముల్లో ఒళ్లంతా తిరుగుతుంది. ఆయాసం వచ్చినప్పుడు మాత్రమే వదులుచేసే మందు కొట్టుకోవడం చాలదని, దానితోపాటు వాపు మందు తప్పదని 2019లో ఉబ్బసం అంతర్జాతీయ మార్గదర్శక సంస్థ గీనా స్పష్టంగా మార్చి రాసింది. దాని చికిత్స మెట్లలో ఎక్కడా లేజరు లేదు.

అలాగని తలుపు మూసెయ్యమని నేను అనను. ఎలుకలో నెగ్గి మనిషిలో ఓడినవి చాలా ఉన్నాయి. ప్లేట్‌లెట్ యాక్టివేటింగ్ ఫ్యాక్టర్‌ను ఆపే మందులు జంతువుల్లో అద్భుతంగా పనిచేసి, 1990లలో మనుషుల ఉబ్బసంలో చతికిలబడ్డాయి. ఎలుకకు అసలు ఉబ్బసం దానంతటది రాదు, మనం తెచ్చిపెడతాం. కానీ తిరగబడ్డ కథలూ ఉన్నాయి. ఇయోసినోఫిల్‌లను పెంచే ఐఎల్-5 సంకేతాన్ని అడ్డుకునే మెపోలిజుమాబ్ 2000లో మొదటి పరీక్షల్లో ఆ కణాల్ని తగ్గించింది కానీ గొట్టం బిగుతును తగ్గించలేదు. అయిపోయిందనుకున్నారు. 2009లో ఇయోసినోఫిల్‌లు విపరీతంగా ఉన్న తీవ్రరోగుల్ని మాత్రమే ఏరి ఇచ్చి, బిగుతు బదులు ఏడాదిలో ఎన్ని దాడులు వచ్చాయో లెక్కపెడితే, దాడులు బాగా తగ్గాయి. 2015లో అది మందుగా అనుమతి పొందింది. సరైన రోగి, సరైన కొలత దొరికేదాకా ఓపిక పట్టినవాళ్లు గెలిచారు. లేజరుకు కూడా అలాంటి పరీక్ష జరగాలి. వాడుతున్న ఇన్‌హేలరు ఆపకుండా, అదే రంగులో వెలిగి అదే చప్పుడు చేసే ఉత్త యంత్రంతో పోల్చి, ఏడాది పొడుగునా దాడులు లెక్కపెట్టి చూడాలి. బహుశా వెలుగును బయటినుంచి కాక, సన్నటి తీగతో గొట్టం లోపలికే తీసుకెళ్లాల్సి రావచ్చు. నోటి పుండ్ల దగ్గర నెగ్గింది అడ్డం లేకపోవడం వల్లే కదా.

అక్కకు ఇదంతా చెప్పాను. తను వినేది చివరి మాటే అని తెలుసు గనక సూటిగా చెప్పాను: నీ డబ్బులు, నీ ఇష్టం, కానీ కళ్లకు అద్దాలు పెట్టకుండా ఆ యంత్రం దగ్గర కూర్చోవద్దు. అలాంటి యంత్రాల్లో చాలావాటి వెలుగు కంటికి కనపడదు, కనపడదు గనక రెప్ప కూడా పడదు. రోజూ పీల్చే మందు ఒక్క పూట కూడా ఆపొద్దు, పీల్చాక నోరు పుక్కిలించు. ఇంకోటి, ముందు ఒక పీక్ ఫ్లో మీటరు కొనుక్కో.

1959లో మార్టిన్ రైట్ తయారుచేసిన కొలత పరికరానికి మనవరాలు అది. ఇప్పుడు ప్లాస్టిక్ గొట్టం, లోపల జరిగే ముల్లు, అంతే. మందుల షాపులో చెబితే తెప్పిస్తారు. నిలబడి గుండెల నిండా గాలి తీసుకుని ఒక్కసారి గట్టిగా ఊదాలి. మూడుసార్లు ఊది ఎక్కువ వచ్చింది రాసుకోవాలి, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. ఉబ్బసం గొట్టాలు తెల్లవారుజామున బాగా ఇరుకవుతాయి గనక పొద్దుటి అంకె తక్కువ వస్తుంది. ఆ రెండింటి మధ్య తేడా పదిశాతం దాటుతూ ఉంటే ఉబ్బసం ఇంకా అదుపులో లేదని అర్థం.

“లేజరు సంగతి తరవాత చూద్దాంలే, ముందు ఇది ఊదుతా” అంది అక్క. పాత క్యాలెండరు వెనకవైపు గళ్లు గీసుకుని రాస్తోంది. రోజూ పీల్చాల్సిన మందు ఇన్నాళ్లూ ఆయాసం వచ్చినప్పుడే పీల్చిందని అప్పుడు బయటపడింది. నిన్న రాత్రి ఫోనులో వారం అంకెలు చదివి వినిపించింది. నిన్నటివి పొద్దున 230, సాయంత్రం 290. తేడా ఇంకా ఎక్కువే ఉంది. కాగితం డాక్టరుకు చూపించమన్నాను. గురువారం వెళుతోంది.